పండగ గిన్నెతో పంచిన సీడీ

జహీదాకి మొగుడి బొమ్మలంటే ప్రాణం. హుమాయూన్ పగలు ఆటోనగర్‌లో లారీలకి రంగులేస్తాడు, ఇంటికొచ్చాక తప్పిపోయిన మేకపిల్ల కథను బొమ్మల్లో గీస్తాడు. పిల్లల పత్రికొకటి ఆ కథను నెలనెలా తన వెబ్‌సైట్‌లో పెడుతోంది.

ఆ ఏడు రంజాన్‌కి పటమట సందులో షీర్ ఖుర్మా పంచుతూ, ప్రతి గిన్నెతోపాటు ఒక సీడీ కూడా ఇచ్చింది జహీదా. నెట్ సెంటర్ నడిపే తమ్ముడు వసీం ఇంకేదో సైటు నుంచి కథంతా దించి కాపీలు కొట్టిచ్చాడు. పత్రిక సైట్లో అయితే పేరు నమోదు చేసుకోవాలట, ఇందులో ఆ బాధ లేదట. అడ్డదారి దగ్గరని చెప్పినవాణ్ణి పట్టుకుని తన్నాలి.

వారం తిరక్కుండానే హుమాయూన్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"సైట్లో చదివేవాళ్ళే లేరంట. ఇట్లాగైతే ఆపేస్తామన్నారు ఎడిటర్ గారు."

"లేకపోవడమేంటండీ! సందు సందంతా చదివింది" అంటూ సీడీ చేతిలో పెట్టింది.

వసీం దగ్గరికెళ్ళి తెరిచి చూశారు. ప్రతి పేజీ అడుగున హుమాయూన్ సంతకం కోసేసి, ఆ సైటు పేరు ముద్రించారు. అతను కోప్పడలేదు. "ప్రేమతోనే ఇచ్చావులే" అన్నాడు. ఆ మాటకే జహీదాకి ఏడుపొచ్చింది.

పండక్కి పెట్టింది వెనక్కి అడగడమంటే తల కొట్టేసినట్టే. అయినా మర్నాడు గుమ్మం గుమ్మం ఎక్కింది.

"ఆ సీడీ ఇచ్చేయండి మార్త గారూ. దొంగ కాపీ అంట, ఆయన పేరు కూడా లేదు."

"అమ్మయ్య! అది పెట్టినకాడ్నించి మా కంప్యూటర్‌కి వైరస్ పట్టిందండీ. పండగపూట ఇచ్చారని చెప్పలేకపోయాం" అంది పక్కింటి మార్త.

జహీదా సందులో పిల్లలందర్నీ వెంటేసుకుని నెట్ సెంటర్‌కి పోయింది. తమ్ముణ్ణి చెడామడా తిట్టి, పత్రిక సైటే తెరిపించింది. మర్నాటికి పిల్లలు పెద్దల్ని కూడా లాక్కొచ్చారు.

ఆ నెలాఖరున ఓ సాయంత్రం హుమాయూన్ పనినుంచి వస్తుంటే, మార్త అత్తగారు శౌరమ్మ అరుగు మీంచి కేకేసింది.

"ఏవయ్యా, ఆ మేకపిల్ల ఇంటికి చేరుద్దా, లేదా? చెప్పి కదులు."

గుమ్మంలో నిలబడ్డ జహీదా మొగుడి వంకే చూసింది. ఆగిపోయే కథకి ఆయనేం జవాబు చెబుతాడు?

హుమాయూన్ పెళ్ళాం వంక చూసి నవ్వాడు.

"చేరుద్ది మామ్మగారూ, కానీ ఇప్పుడప్పుడే కాదు. ఇంకో ఏడాది గియ్యమన్నారు."