మా ఆయన సబ్బు

"నా సబ్బు వానికెందుకు పెట్టినవ్?" అన్నాడు మా ఆయన పాండురంగం, తడి సబ్బుబిళ్లను నా ముఖం ముందు పట్టుకుని. వాడంటే జానయ్య, ఆయన సొంత తమ్ముడు. పుట్టినప్పటి నుంచీ కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేవు, మాట నిదానం, బుద్ధి మాత్రం చురుకు. అతని సబ్బు అయిపోయిందన్నాను. బట్టల సబ్బు లేదా అని అడిగి, తన బిళ్లను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ముప్పై మూడేళ్లు జానయ్యకు రాగిచెంబుతో నీళ్లు పోసింది మా అత్త అండాలమ్మ. ఆమె పోయిన పదకొండో రోజున, బంధువులందరి ముందూ తోటికోడలు భారతమ్మ ఆ రాగిచెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇగ నువ్వే వాని తల్లివి" అంది. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. జానయ్య అన్నలిద్దరూ నిశ్చింతగా భోజనాలకు లేచారు. నాకు ఇరవై ఆరేళ్లు, బి.ఎ. చదివాను. నాకంటే ఏడేళ్లు పెద్దవాడికి తల్లిని ఎలా అవుతానో ఎవరూ చెప్పలేదు. అతన్నయితే అడగనే లేదు.

మా ఆయన ఎల్బీ నగర్‌లో ప్లాట్లు చూపిస్తాడు. ఒకసారి వెంట వెళ్లి చూశాను. కొనడానికొచ్చిన ముసలాయనను చంకల కింద చేతులు వేసి స్కూటర్ దింపాడు, హద్దురాళ్లు దాటించాడు, జారిన చెప్పును వంగి తొడిగాడు. అవే చేతులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి గడప దాటగానే, అది ఆడోళ్ల పని, నాకు చాతగాదంటాయి.

సబ్బుకు తాళం పడ్డ మర్నాడు జానయ్యకు ఉత్త నీళ్లే పోశాను. అయినా ఎప్పటిలాగే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూడు నెలలుగా సబ్బు మంటకనుకున్నాను. ఎందుకని అడిగితే చాలాసేపటికి మాట కూడదీసుకున్నాడు.

"సిగ్గయితది వదినా. అన్న పోస్తడా?"

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్లూ అవమానం నా ఒక్కదానిదే అనుకున్నాను.

మధ్యాహ్నం బావ జనార్ధన్, భారతమ్మ హయత్‌నగర్ నుంచి భోజనానికి వచ్చారు. జానయ్యను గోడకు ఆనించి కూర్చోబెట్టి ముద్దలు పెడుతున్నాను. కన్నతల్లి కూడా ఇంత చూడదని భారతమ్మ మెచ్చుకుంది. మా ఆయన పెరుగు కలుపుకుంటూ తలూపాడు. నేను లేచి వెళ్లి, రాగిచెంబు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను.

"నేను తల్లిని కాదు. రేపటి సంది జానయ్యకు మీరే నీళ్లు పోస్తరు. ఐతారం బావ పోస్తడు."

"పొద్దుగాల నాకు ప్లాట్లు కొనే పార్టీలొస్తయి" అన్నాడు మా ఆయన.

"ప్లాట్లు యాడికీ పోవు."

బావ గొంతు సవరించుకున్నాడు. "మాకు రాదు కదమ్మా గా పని."

"జానయ్య చెప్తడు, ఎట్ల పొయ్యాల్నో ఆయనకు తెలుసు" అన్నాను. "సబ్బు మాత్రం బీరువల నుంచి తియ్యండి."