నలభై నిమిషాల మొగుడు

ఇద్దరికీ మంచం ఒక్కటే. అయినా మేలుకున్న మొగుణ్ణి చూసి వంటావిడకు ఆర్నెల్లయింది.

ఎడారి కొండ కొసన ఉన్న వేధశాల అది. ఆయన రాత్రంతా టెలిస్కోపు తిప్పి, తెల్లారాక ముసుగుతన్ని పడుకుంటాడు. మధ్యాహ్నం లేచి నేరుగా పైకి పోతాడు, భోజనం డబ్బాలో వెనకాలే వెళ్తుంది. ఆవిడ కోడి కూయకముందే లేచి, పొద్దుగూకగానే పడుకుంటుంది. పోనీ లేపుదామంటే, పగలు నిద్రపోయేవాళ్ళను లేపితే ఉద్యోగం ఊడుతుందని తలుపు మీదే రాసి ఉంది. చీటీలతోనే కాపురం. "కూరలో ఉప్పెక్కువ." "చొక్కా గుండీ ఊడింది."

ఉండబట్టలేక ఓ రోజు డైరెక్టరుతో మొరపెట్టుకుంది.

"ఇక్కడ ఏది చూడాలన్నా దరఖాస్తేనమ్మా" అన్నాడాయన.

సరే, రాసింది. చూడదలచిన వస్తువు: మా ఆయన. ఎంతసేపు: నలభై నిమిషాలు.

దరఖాస్తులు చూసే కమిటీకి బుద్ధుంటే నవ్వి ఊరుకునేది. ఈ ఏడుగురు పండితులూ మూడు వారాలు తలలు బద్దలు కొట్టుకుని ప్రశ్న పంపారు: "ఈ వస్తువును పెళ్ళినాడే చూశారు కదా, కొత్తగా తెలిసేదేమిటి?"

"ఆ రోజు జనం అడ్డం" అని జవాబు రాసింది.

మంజూరైంది. గురువారం సాయంత్రం ఆరింటికి, వంటింట్లో. మబ్బు పడితే రద్దు. రద్దయితే మళ్ళీ ఏడాదికే.

మూడేళ్ళుగా చినుకెరగని కొండ. గురువారం నాలుగింటికి నల్లమబ్బు ఒకటి, పిలిచినట్టే వచ్చి నెత్తిమీద కూర్చుంది. దరిద్రుడు తల కడగబోతే వడగళ్ళ వానని ఊరికే అన్నారా!

"నా చేతిలో ఏముందమ్మా, రూలు" అంటూ డైరెక్టరు కాగితం మీద రద్దు ముద్ర గుద్ది పోయాడు. వంటింట్లో మొగుణ్ణి చూడ్డానికి ఆకాశంతో పనేమిటని ఒక్కరికీ తోచలేదు. అన్నేళ్ళు వాళ్ళకు వండిపెట్టిన పాపానికి ఆవిడకూ తోచలేదు. ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయల వల్ల కాదు, దుఃఖం ఆగక.

ఆరు దాటాక తలుపు తెరుచుకుంది.

"వెళ్ళండి. మీరు రద్దయ్యారు" అంది, తలెత్తకుండానే.

"మబ్బు పట్టిందని టెలిస్కోపు మూసేశారే. తెల్లారేదాకా నాకు పనిలేదు" అంటూ మొగుడు స్టూలు లాక్కుని కూర్చుని, ఇంకో కత్తి అందుకున్నాడు.

అప్పుడు తలెత్తి చూసింది.

మర్నాడు డైరెక్టరు ఫారం పట్టుకొచ్చాడు. రద్దయినదానికైనా నివేదిక ఇవ్వాల్సిందేనట. వస్తువు కనిపించిందా అన్న చోట ఆవిడ ఇలా రాసింది:

"కనిపించింది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నాకెవరూ చెప్పలేదు."