మెట్ల మీద దాహం

మధ్యాహ్నం కోడికూర తిని శ్రీనివాస్ టీవీలో సినిమా పెట్టాడంటే వాళ్లమ్మ పెంటమ్మ స్టీలు బిందె నింపి పెట్టుకోవాల్సిందే. హీరో కొట్టి చంపినవాళ్లంతా సినిమా అయిపోగానే వచ్చి ఇంటిముందు మెట్ల మీద కూర్చుంటారు. ఎల్బీనగర్ వెనక ఆ గల్లీలో అది అందరికీ అలవాటే. వాళ్లు ఎవరినీ ఏమీ అనరు, దాహమంటారు, అంతే. పెంటమ్మ చెంబుతో పోస్తే దోసిలి పట్టి తాగి, వీధి లైట్లు వెలిగే వేళకు లేచి సాగర్ రోడ్డు వైపు నడిచి పోతారు. పోయినవాళ్లు మళ్లీ రారు. పెంటమ్మ ఒక్కొక్కరినీ పేరు అడిగేది. సినిమాలో మాకెవరూ పేరు పెట్టలేదమ్మా అనేవాళ్లు.

శ్రీనివాస్‌కు మాత్రం చెప్పులు విడిచే చోటు లేదని చిరాకు. నల్లగొండ పక్క ఊరి నుంచి వచ్చి, తుర్కయంజాల్‌లో ప్లాట్లు అమ్మించి నాలుగు డబ్బులు చూసిన మనిషి. ఫైటింగులకు ఈల వేయడంలో గల్లీలో అతన్ని మించినవాడు లేడు. వార్తల్లో సరిహద్దు గొడవ వస్తే, ఒక్కసారి యుద్ధం జరగాల్సిందేనని సోఫా మీద గుద్దేవాడు.

"యుద్ధమొస్తే గంతమందికి నీళ్లు ఏడికెళ్లి తేవాలె బిడ్డా? ట్యాంకరే నాలుగు రోజులకొకసారి ఒస్తుంది" అంది పెంటమ్మ ఓసారి. అతను సౌండ్ పెంచాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ ఏడాది అతనికి పిస్తోలు మీద మనసైంది. నడుముకు పెట్టుకుని ప్లాట్ల దగ్గర కారు దిగితే ఎలా ఉంటుందో అద్దం ముందు చూసుకున్నాడు కూడా. అయితే లైసెన్సు అడగ్గానే ఇచ్చేది కాదు. ప్రాణభయం ఉందని రాయాలి, ఎవరివల్లో చెప్పాలి, పోలీసులు విచారించాలి. అర్జీలో అక్కడికొచ్చేసరికి శ్రీనివాస్ పెన్ను ఆగిపోయింది. ఎంత వెతుక్కున్నా తనకు శత్రువు దొరకలేదు.

"ఎవరన్న ఆంధ్రాయన పేరు రాయరాదే అన్నా. గీ రోజుల్ల అందరు నమ్ముతరు" అన్నాడు అర్జీలు నింపిపెట్టే మనిషి.

శ్రీనివాస్ పక్కింటి త్రినాథరావు పేరు రాశాడు. రాజమండ్రి వైపు నుంచి పదిహేనేళ్ల కిందట వచ్చి, చైతన్యపురి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకునే మనిషాయన. శ్రీనివాస్ కూతురు శ్రీకళకు పదో తరగతి లెక్కలు ఊరికే చెప్పి గట్టెక్కించాడు. చెప్పడానికే సిగ్గుగా ఉంది. పిల్లలు రోడ్ల మీద లాఠీ దెబ్బలు తింటున్న రోజుల్లో, ఆ ఉద్యమాన్ని అడ్డం పెట్టుకుని మన పెద్దమనిషి చేసిన ఘనకార్యం ఇది.

నెల తర్వాత ఒక బంద్ రోజు పొద్దున త్రినాథరావును స్టేషన్‌కు పిలిపించారని గల్లీలో అనుకున్నారు. శ్రీనివాస్ వినీ విననట్టు సినిమా పెట్టుకున్నాడు. అది అయ్యాక పెంటమ్మ బిందెతో బయటికి వచ్చి, పదకొండు మందికి పోసి, పన్నెండో దోసిలి ముందు వంగింది.

"నీ పేరేంది నాయనా?"

"పేరు లేదమ్మా" అన్నాడు త్రినాథరావు.

పెంటమ్మ పక్కింటి వైపు కేక వేసింది. ఆయన భార్య వేదవతి పరిగెత్తుకొచ్చి భుజం పట్టి కుదిపింది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. వీళ్లతోపాటు వెళ్లాలి కదండీ అని, పక్కనున్నవాళ్ల వైపు మర్యాదగా చూశాడు. లైట్లు వెలగడానికి ఇంకా గంట ఉంది.

పెంటమ్మ లోపలికొచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది. శ్రీనివాస్ తల వంచుకుని అంతా చెప్పాడు. ఆమె తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"లైట్లు ఎలగక ముందు ఠాణకు పో" అంది, అంతే.

బస్సులు లేవు, ఆటోలు లేవు, బండ్లను కూడలిలో ఆపేస్తున్నారు. శ్రీనివాస్ ఇస్త్రీ చొక్కాతో పరిగెత్తాడు. కూడలిలో జెండాలు పట్టుకున్న కాలేజీ పిల్లలు, మనోడే అనుకుని జై తెలంగాణ అన్నారు. అతను తల దించుకుని ఇంకా వేగంగా పరిగెత్తాడు.

స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ బిక్షమయ్య ఫైలు తీసి, అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "గిప్పుడు కాదంటే లైసెన్సు రాదు. అబద్ధం రాసినందుకు నీ మీదనే కేసైతది. తెల్సా?"

"కానీయి సార్. ఆయన పేరు కొట్టేయిండ్రి."

తనకు ఎవరివల్లా ప్రాణభయం లేదని, ఆ పేరు అబద్ధంగా రాశానని శ్రీనివాస్ తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. బిక్షమయ్య త్రినాథరావు పేరు మీద అడ్డంగా గీత గీశాడు.

గల్లీలోకి తిరిగొచ్చేసరికి లైట్లు వెలిగాయి. మెట్లు ఖాళీగా ఉన్నాయి. శ్రీనివాస్ త్రినాథరావు కూర్చున్న తడి మెట్టు మీదే కూర్చున్నాడు. దాహం వేసింది.

పక్కింటి తలుపు తీసిన చప్పుడైంది. త్రినాథరావు చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పొద్దున నాకు ఆ కాగితం చూపించారండి శ్రీనివాస్ గారూ" అన్నాడు మెల్లగా. "సరే, ముందు మంచినీళ్లు తాగండి."

శ్రీనివాస్ తలెత్తలేక దోసిలి పట్టాడు. నీళ్లన్నీ వేళ్ల సందుల్లోంచి కారిపోతూనే ఉన్నాయి. త్రినాథరావు ఆగకుండా పోస్తూనే ఉన్నాడు.