ఓడయ్య చిటికెన వేలు

ఊరంతా ముద్దుగా ఓడయ్య అని పిలుచుకునే ఆ నావికుడు రాతి ఓడ ముక్కున నిలబడి అరవై ఏళ్లయింది. ఓడ ఎత్తు నలభై అడుగులు, దాని మీద మనిషంత కంచు విగ్రహం. చాచిన ఎడమ చేతికి చిటికెన వేలు సగమే. సొరచేప కొరికేసిందని చరిత్ర మాస్టారు ఏకంగా పుస్తకమే రాసేశారు. ఇక ఆ సొరచేప రాతి ఫలకం కూడా ఎక్కబోతోంది!

ఫలకం ఆవిష్కరణ ఆహ్వానపత్రికలో ఆ సంగతి చదివేసరికి అమ్మకు ఒళ్లు మండింది.

"సొరచేపా, నా మొహమా! అది మా నాన్న వేలు!"

విగ్రహాన్ని తోమి మెరుగుపెట్టే పని కూతురిదే. ఈ కథ ఆమె చిన్నప్పటి నుంచీ వింటున్నదే. శిల్పి పంపిన చేతి నమూనా దారిలో ముక్కలైందట. గడువు ముంచుకొస్తుంటే, పోత పోసే తాతయ్య తన చేతికే అచ్చు తీసి పని కానిచ్చేశాడట. ఎన్నో ఏళ్లుగా సగం వేలుతోనే బతుకుతున్న మనిషికి అది సగమని గుర్తేముంటుంది? కథ బాగానే ఉంది, రుజువే లేదు. ఈసారి అమ్మ అటకంతా గాలించి తాతయ్య చేతికి తీసిన ఆ రెండు ముక్కల ప్లాస్టర్ అచ్చు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. మెరుగు పని కోసం విగ్రహం చుట్టూ కట్టిన పరంజాను మధ్యాహ్నానికి విప్పేస్తారు. కూతురు అచ్చును చంకలో పెట్టుకుని ఒకటే పరుగు, వెనకాలే అమ్మ. ఓడ కింద, ఫలకం చెక్కేవాడి పక్కనే మాస్టారు కనిపించారు.

"మాస్టారూ, ఒక్కసారి పైకి రండి!"

"ఎత్తంటే నాకు కళ్లు తిరుగుతాయమ్మా."

"అబద్ధం రాతిలో చెక్కాక ఇంకా తిరుగుతాయి!"

ఆయన పరంజా గొట్టాలను కావలించుకుంటూ ఎలాగో ఎక్కారు. ఆమె అచ్చు రెండు ముక్కలనూ కంచు చేతి చుట్టూ మూసింది. సగం వేలుతో సహా చెయ్యి అందులో ఒదిగిపోయింది.

మాస్టారు అచ్చును కదిపి చూశారు. "వదులుగా ఉందే!"

"ఉండాలి మాస్టారూ! కంచు చల్లారితే రవ్వంత కుంచించుకుపోతుంది. బిగుతుగా పట్టి ఉంటే నేనే నమ్మేదాన్ని కాదు."

ఆయన మొహం పాలిపోయింది. అంతలోనే పకపకా నవ్వారు. "పాతికేళ్లు పెంచుకున్నానమ్మా ఆ సొరచేపని!" అని, ఫలకం చెక్కేవాడికి వినబడేలా కిందికి వంగి కేకేశారు. "ఆగవయ్యా! ఆ వాక్యం తీసేయ్! ఈ చెయ్యి ఎవరిదో నేను చెప్తాను, అది చెక్కు!"

కూతురికి ఎగిరి గంతేయాలనిపించింది, నలభై అడుగుల ఎత్తు గుర్తొచ్చి ఆగింది. ఈలోగా వద్దన్నా వినకుండా అమ్మ రొప్పుతూ పైకొచ్చేసింది. ఎవరినీ పలకరించలేదు. అచ్చు పక్కకు తీయించి, ఆ సగం వేలును గుప్పిట పట్టుకుంది.

"బడికెళ్లేటప్పుడు ఇదే పట్టుకునేదాన్ని," అంది. కంచు ఎండకు కాగి ఉంది. "చెయ్యి ఇంత వేడిగా ఉందేంటి నాన్నా?"

కింద పరంజా విప్పేవాళ్లు తొందరపెట్టారు.

"ఉండండయ్యా!" అని మాస్టారే అరిచారు. "ఆవిడ వాళ్ల నాన్న వేలు పట్టుకుంది."