సాయంత్రం ఊదుదువుగానిలే

పట్టకారు ఈ పనికి పనికిరాదు. అయస్కాంతాలు దాన్ని లటుక్కున లాగేసుకుంటాయి. అందుకని మాబు సాహెబ్ రెండు వెదురు పుల్లలు సన్నగా చెక్కి, వాటి మధ్య రేకు పీలికను ఇరికించి, ఊపిరి బిగపట్టి మెల్లగా హెడ్‌ఫోను డిప్పలోకి దించుతున్నాడు. అగ్గిపుల్లంత వెడల్పు, చూపుడువేలంత పొడవు ఉన్న అల్యూమినియం పీలిక అది. ఉల్లిపొర దాని ముందు గోనెపట్టా కింద లెక్క. గది తలుపు మూసి ఉంది. కిటికీ మూసి ఉంది. ఫ్యాను ఆపేసి ఉంది. మార్చి నెల ఉక్కకు అతని బనీను వీపుకి అతుక్కుపోయింది. కనుబొమ్మ మీద చెమటచుక్క నిలబడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వెనక గదిలో అతని భార్య జానీబీ రాట్నం తిప్పుతూ మగ్గాలవాళ్ళకి కండెలు చుడుతోంది.

"ఏవయ్యా, టీ చల్లారిపోతంది" అని కేకేసింది.

అతను పలకలేదు. పలికితే ఊపిరి బయటికొస్తుంది. ఊపిరికీ గాలికీ ఇప్పటికి మూడు పీలికలు చిరిగిపోయాయి. ఇది నాలుగోది. ఇవాళ గురువారం, సాయంత్రం నాలుగింటికి ఒంగోలు నుంచి శివరామకృష్ణ గారు వస్తారు.

అసలు ఈ పాపం ఆదివారం నాడు జరిగింది.

మాబు సాహెబ్ చీరాలలో ముప్ఫయ్యయిదేళ్ళుగా స్పీకర్లు బాగుచేస్తున్నాడు. చిరిగిన కోను అట్టలు అతికిస్తాడు, కాలిన కాయిల్ చుడతాడు, నోరు పడిపోయిన హారన్లకి మళ్ళీ నోరు తెప్పిస్తాడు. పెళ్ళిళ్ళకీ, ఉరుసులకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, ఎన్నికల మీటింగులకీ కట్టిన మైకు సెట్లలో అతని చెయ్యి పడనిది ఈ చుట్టుపక్కల లేదు. అలాగని అతని పేరు ఎవరికీ తెలియదు. మైకు బాగా పలికితే మాట్లాడినవాడికి పేరొస్తుంది, పలక్కపోతేనే మాబు సాహెబ్ ఎక్కడని వెతుకుతారు. హారన్ల పక్కన నిలబడీ నిలబడీ కుడిచెవి ఎప్పుడో మొద్దుబారింది. ఎడమచెవితోనే బండి లాక్కొస్తున్నాడు.

మైకు సెట్టు వాళ్ళందరికీ ఉన్నట్టే అతనికీ ఒక అలవాటు ఉంది. చేతికి ఏది వచ్చినా ముందు నోటి దగ్గర పెట్టుకుని 'ఫూ ఫూ' అని రెండుసార్లు ఊదుతాడు. దుమ్ముంటే పోతుంది, ప్రాణముంటే పలుకుతుంది. అతని చదువంతా ఆ రెండు ఊదుళ్ళే.

ఆదివారం శివరామకృష్ణ గారు కారు దిగి, ఒక తోలుపెట్టె బల్ల మీద పెట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో హెడ్‌ఫోన్లు తీశారు. ఆయనది గ్రానైట్ వ్యాపారం. రోజంతా క్వారీలో రాళ్ళ మోత వింటారు గనక రాత్రిపూట పాట వినకపోతే నిద్ర పట్టదట. కొబ్బరిచిప్పలంత గుండ్రటి డిప్పలు రెండు, వాటి వెనక మూతల్లేవు, సన్నటి తీగవల మాత్రం ఉంది. లోపల ఏముందో తొంగిచూస్తే కనిపిస్తుంది. సింగపూర్‌లో కొన్నారు, చేసిన కంపెనీ ఇప్పుడు లేదు.

"ఎడమవైపు కొంచెం గరగరమంటోంది సాయిబు గారూ. దుమ్ము పడిందేమో చూస్తారా? మీ చెయ్యి మంచిదని విన్నాను."

మాబు సాహెబ్ ఆ మాటకి పొంగిపోయాడు. మూడు మరలు విప్పి వల తీశాడు. అలవాటుగా నోటి దగ్గర పెట్టుకున్నాడు. 'ఫూ ఫూ' అన్నాడు.

చప్పుడైనా కాలేదు. లోపల నిగనిగలాడుతున్న రేకు రెండు ముక్కలై, ఒక ముక్క అయస్కాంతానికి ఆని వేలాడింది. ముగ్గురూ కొయ్యబారిపోయారు. గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడ్డ జానీబీకి కూడా, ఏం జరిగిందో తెలియకపోయినా, ఘోరం జరిగిందని మాత్రం తెలిసింది. శివరామకృష్ణ గారు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కుర్చీలో కూలబడి, ఆ డిప్పకేసి అలా చూస్తూ ఉండిపోయారు.

"గురువారం నాలుగింటికి రండి సార్. నేను చెడగొట్టింది నేనే బాగుచేస్తాను" అన్నాడు మాబు సాహెబ్. ఎలా చేస్తాడో ఆ నిమిషంలో అతనికే తెలియదు. అతని అరవయ్యొక్కేళ్ళ బతుకులో, నమ్మి చేతిలో పెట్టిన వస్తువు యజమాని కళ్ళముందే పాడైపోవడం అదే మొదలు. శివరామకృష్ణ గారు తల ఊపి, పరీక్షించుకోవడానికి తన సీడీ ప్లేయరూ, చిన్న ఆంప్లిఫయర్ డబ్బా కూడా అక్కడే వదిలి వెళ్ళారు.

పాత వాల్వు రేడియోల కండెన్సర్లు విప్పితే లోపల పలచటి రేకు చుట్ట ఉంటుంది. అందులోంచి పీలికలు కోశాడు. టేప్‌రికార్డరు పళ్ళచక్రాలు రెండు పక్కపక్కన బిగించి, వాటి మధ్య నుంచి పంపి లంగా కుచ్చెళ్ళలా మడతలు తెప్పించాడు. కోసింది అతనే గాని, మడతలు చెదరకుండా పట్టుకున్నవి జానీబీ వేళ్ళు. తెగిన పట్టుపోగులు అతికే వేళ్ళు అవి. అయినా మూడుసార్లు చిరిగాయి. ఒకటి అతని తుమ్ముకి, ఒకటి ఎవరో తలుపు తోసిన గాలికి, మూడోది జానీబీ "అయ్యో" అన్నందుకు.

అందుకని నాలుగు రోజులుగా ఆ గదిలో ఊదడం బంద్ అయింది. అక్కడే జానీబీకి ఒళ్ళు మండింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి పొద్దునా అతను పనిలో కూర్చునే ముందు ఆమె దువా చదివి అతని నుదుటి మీద ఊదుతుంది. జ్వరం వచ్చిన రోజూ మానలేదు, పోట్లాడుకున్న రోజూ మానలేదు. ఈ పొద్దున కూడా చదవడం పూర్తిచేసి, బుగ్గలు నింపుకుని బల్ల దగ్గరికొచ్చింది. అతను ఉలిక్కిపడి బల్లకి అడ్డంగా చేతులు చాపాడు.

"ఇక్కడొద్దే తల్లీ! కొంప ముంచుతావు."

"పోనీ బయటికి రా."

"ఇప్పుడు లేస్తే మళ్ళీ మొదట్నుంచీ. సాయంత్రం ఊదుదువుగానిలే."

చదివిన దువా నోట్లోనే పెట్టుకుని ఆమె విసురుగా రాట్నం దగ్గరికి పోయింది.

పదకొండున్నరకి నాలుగో పీలిక రెండు చివరలా మరల కింద కుదురుకుంది. మాబు సాహెబ్ వెనక్కి వాలి, బిగపట్టిన ఊపిరి పక్కకి తిరిగి గోడ మీదికి వదిలాడు. ఎడమచెయ్యి భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. వంగి కూర్చుని కూర్చుని పట్టేసిందనుకున్నాడు. అన్నం నాలుగు ముద్దలు తిని లేచాడు.

"ఏం, గోంగూర బాలేదా?"

"బాగుంది. గ్యాసు పట్టినట్టుంది, ఎగదంతంది."

"సోడా తాగు. ఆ తరవాత డాక్టరు దగ్గరికి పోదాం."

"సార్‌కి వస్తువు అప్పజెప్పి పోదాంలే."

అప్పజెప్పాలంటే ముందు పలకాలి. హెడ్‌ఫోన్లు తలకి పెట్టుకుని సీడీ తిప్పాడు. పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు వేసే పాత పాట అది. కొన్ని వందల పెళ్ళిళ్ళలో ఆ పాట అతని హారన్ల లోంచే వెళ్ళింది, ఏడ్చేవాళ్ళని ఇంకా ఏడిపించింది. అతను మాత్రం ఎప్పుడూ పాట వినలేదు, హారన్ సరిగ్గా పలుకుతోందా లేదా అన్నదే విన్నాడు. ఇప్పుడు బొత్తాం నొక్కి రెండు క్షణాలు కాకముందే అదిరిపడి హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"జానీ! ఇట్రా! తొందరగా రా, మెల్లగా రా!"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతను ముసుగు సర్ది హెడ్‌ఫోన్లు ఆమె తలకి పెట్టాడు. పాట మొదట్నుంచి వేశాడు. ఆమె గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. ముఖం పాలిపోయింది.

"ఎవరో నా వెనక నిలబడి ఊపిరి తీసుకున్నారయ్యా!"

"ఆవిడే! పాడేముందు గుండె నిండా పీల్చుకుంటంది చూడు. ఇన్నేళ్ళు ఈ పాట ఊరందరికీ వినిపించా. ఆవిడకి ఊపిరుందని నాకు ఇయ్యాలే తెలిసింది."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జానీబీ ఎగతాళి చేద్దామనుకుని మానుకుంది. బాగైంది. తన మొగుడు చెడగొట్టింది తనే బాగుచేశాడు. ఆ సంతోషంలో ఆమె నోరు గుండ్రంగా చుట్టి అతని నుదుటి వైపు వంగబోయింది. అతను డిప్పలకి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నాలుగింటికి సార్ తీసుకుపోనీ. ఆ తరవాత నీ ఇష్టం."

ఆ ఒక్క పాటే మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టుకుని, కుర్చీ గోడకి జేరవేసి, హెడ్‌ఫోన్లతో కూర్చున్నాడు. మూతల్లేని డిప్పలు గనక పాట సన్నగా బయటికి కారుతోంది, బయటి మాట లోపలికి పోతోంది. అదే దాని గొప్ప. జానీబీ వెనక గదిలోంచి "దర్శి నుంచి మీ అక్క ఫోన్ చేసింది" అంటే "ఊఁ" అన్నాడు. "ఆదివారం వస్తదంట" అంటే "రానీ" అన్నాడు. మధ్యలో పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. "తలుపు తీయనా, ఉడికి చస్తావు" అంటే జవాబు రాలేదు.

పాటలో మునిగాడనుకుంది. ఇంకో రెండు కండెలు చుట్టింది. రాట్నం ఆపి మళ్ళీ పిలిచింది. పాట వినిపిస్తోంది. అతను మాత్రం పలకలేదు.

ఆమె వచ్చి చూసేసరికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు. తల గోడకి ఆని ఉంది, చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, కళ్ళు మూసి ఉన్నాయి. భుజం పట్టుకుని కుదిపితే తల పక్కకి వాలింది. ఇలా కూడా పోతారా మనుషులు? ఒక్క మూలుగైనా లేకుండా, పిలిచిన పెళ్ళాం రెండడుగుల దూరంలో ఉండగా? జానీబీ ముందు హెడ్‌ఫోన్లు రెండు చేతులతో జాగ్రత్తగా తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు కూడా వాటి వైపు ఊపిరి తగలకుండా మొహం తిప్పుకుంది. తరవాత పొద్దుట చదివిన దువానే మళ్ళీ మొదట్నుంచి చదివి, నుదుటి మీద ఊదింది. ముందున్న తెల్లవెంట్రుకలు కదిలాయి. మళ్ళీ ఊదింది. మళ్ళీ వెంట్రుకలే కదిలాయి.

బల్ల చివర కాగితం మడతలో ఒక పీలిక మిగిలి ఉంది. ఊపిరి దూరం నుంచి తగిలినా వణికిపోయే పీలిక. ఆమె దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అతని ముక్కు కింద పెట్టింది. అది కదల్లేదు.

ఆమె దాన్ని ఇంకా అక్కడే పట్టుకుని ఉండగా, నాలుగింటికి శివరామకృష్ణ గారు తలుపు తోసుకుని వచ్చారు. కుర్చీలో మనిషిని చూశారు, ఆమెను చూశారు. మూసిన గదిలో ఉక్క మొహానికి కొట్టింది. మనిషి గాలాడక సొమ్మసిల్లాడనుకుని, కంగారుగా గోడ మీద స్విచ్చి వేసి బయటికి పరిగెత్తి "ఎవరైనా రండయ్యా" అని అరిచారు.

"సార్!" జానీబీ గొంతు ఇల్లెగిరిపోయేట్టు వినిపించింది. "సార్, ఆడతంది! ఊపిరుంది! రండి సార్, చూడండి!"

ఆయన లోపలికి ఉరికారు. నిజమే. ఆమె వేళ్ళ మధ్య రేకు రెపరెపలాడుతోంది. ఆమె మొహం వెలిగిపోతోంది. శివరామకృష్ణ గారు మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకున్నారు. తరవాత తల ఎత్తి పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. వేసింది తనే.

"అది... గాలమ్మా" అన్నారు చివరికి.

ఆమె కూడా పైకి చూసింది. ఆయన గోడ పట్టుకుని లేచి వెళ్ళి స్విచ్చి ఆపారు. రెక్కలు నిదానించాయి. రేకు నిదానించింది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. అది ఒకసారి అటూ, ఒకసారి ఇటూ ఊగి, ఆమె వేళ్ళ మధ్య నిలబడిపోయింది.

గది సద్దుమణిగింది. బల్ల మీద ఎవరూ పెట్టుకోని హెడ్‌ఫోన్లలో పాట మళ్ళీ మొదటికొచ్చి, ఆవిడ పాడబోతూ గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.