రూతు వేసిన కుట్లు

ఉప్పు జాడీలో ఉండాల్సిన చెంచా లేదు.

"ఎవరు తీశారు?" అన్నాను.

వంటింట్లో నలుగురున్నారు. పెద్దది డోరా జొన్నపిండి కలుపుతోంది. రెండోది మార్త ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఎనిమిదేళ్ళ రూతు మేనత్త ముందు కూర్చుని జడ వేయించుకుంటోంది. వంటింట్లో తల దువ్వకూడదని ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు.

"చెంచా ఎందుకే దేవకృపా? ఉప్పు ఎంతనో చేతికి తెల్వదా?" అంది మా వదిన రోసమ్మ.

"నా చేతికి తెలియదు వదినా. చెంచాకు తెలుసు."

మార్త కిసుక్కున నవ్వింది. నా మాటకు కాదు, అత్త ముఖం చూసి.

చెంచా చివరికి రూతు కాగితం పూలు అంటించే మైదా లై గిన్నెలో దొరికింది.

"అత్తనే ఇచ్చింది," అంది రూతు.

"ఇచ్చిన. పిల్ల అడిగితే ఇయ్యనా?"

"నన్నొక మాట అడగాలి కదా వదినా."

"చెంచాకు సుత నిన్నడగాల్నా? గిదేం పరేషానే నాకు!"

చెంచాను వేడినీళ్ళలో మూడుసార్లు కడిగాను. నా కోపం చెంచా మీద కాదని నాకు తెలుసు.

రోసమ్మ మా ఆయన యేసుదాసుకు అక్క. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. జనగామ దగ్గర వాళ్ళ ఊళ్ళో నలభై ఎనిమిది ఎండాకాలంలో రజాకార్లు వాళ్ళ వాడకు నిప్పు పెడితే, ఒక ఇనుప పెనం, ఒక చీరల మూట పట్టుకుని బోయిగూడలో మా ఇంటికి వచ్చింది. రావడంలో తప్పేముంది? తమ్ముడి ఇల్లు. నేనే మంచం వేశాను, నేనే దుప్పటి పరిచాను.

సెప్టెంబరులో ఇండియా మిలిటరీ వస్తోందని అందరం తలుపులు వేసుకుని కూర్చున్న ఆ నాలుగు రోజులూ, బిందెల్లో నీళ్ళు ఎన్ని ఉన్నాయో, కిరసనాయిలు ఎంత ఉందో, బియ్యం ఎన్నాళ్ళకు వస్తాయో చూసుకున్నది నేను. పిల్లలకు జ్ఞాపకం ఉన్నది అది కాదు. ఆ నాలుగు రోజుల్లో అత్త వాళ్ళకు సకినాలు చుట్టడం నేర్పింది. ఇప్పటికీ ఆ రోజుల మాట వస్తే, "అత్త సకినాలు చేసినప్పుడు" అంటారు.

నేను కాలేజీలో చదివిన దాన్ని. గృహవిజ్ఞానంలో మా తరగతికి నేనే మొదటిదాన్ని. తడి గుడ్డ మీద బియ్యప్పిండిని వేళ్ళతో మెలిపెడుతూ నాలుగు చుట్లు తిప్పడం ఎంత పని? ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పిండి, నువ్వులు, వాము అన్నీ కొలిచి కూర్చున్నాను. నా సకినం రెండో చుట్టుకే తెగింది. పదకొండు చుట్టాను, పదకొండూ తెగాయి. పిండంతా ముద్ద చేసి, రొట్టె కాల్చుకుని, వాళ్ళు వచ్చేలోపల తినేశాను.

నవంబరులో మా చర్చిలో కోతల పండుగ. పొలాలున్నవాళ్ళు పంట తెస్తారు. పొలాలు లేని మాలాంటివాళ్ళు ఇంట్లో వండినవీ, ఇంటి ఆడపిల్లలు చేత్తో చేసినవీ తెచ్చి బల్లల మీద పెడతారు. తొమ్మిదేళ్ళుగా మా బల్ల ముందు ఆగనివాళ్ళు లేరు. అన్నీ ఒక్క కొలతకు వచ్చిన బిస్కత్తులు, అంచు కుట్టిన చేతిరుమాళ్ళు. ఆ ఏడు పిల్లలు నన్ను అడగకుండానే నిర్ణయించేసుకున్నారు. సకినాలు, ఒక బొంత.

బొంతకు గుడ్డముక్కలు దర్జీ నబీ ఇచ్చాడు. మిలిటరీ వచ్చాక ఆ రెండు నెలలూ దర్జీలంతా మూడు రంగుల జెండాలే కుట్టారు కాబట్టి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ముక్కలు ఎన్ని కావాలంటే అన్ని. నలుగురూ రోజూ సాయంత్రం వరండాలో కూర్చునేవాళ్ళు. ఒక వరుస ఒకరిది, పక్క వరుస ఇంకొకరిది.

"ఎవరి కుట్టు వాళ్ళదే. ఒకరిది ఒకరు ముట్టద్దు," అనేది రోసమ్మ.

రూతు కుట్లు ఒకటి జొన్నగింజంత, ఒకటి చింతగింజంత. వరుస తిన్నగా మొదలై, నడిమధ్యలో మేక మేతకు పోయినట్టు పక్కకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నేను కాఫీ తీసుకుని వరండాలోకి వెళ్తే డోరా బొంతను మడిచేసింది. తిరిగి వస్తుంటే దాని గుసగుస వినబడింది.

"అమ్మకు చూపకే. చూసిందంటే ఇప్పేస్తది."

పదమూడేళ్ళ పిల్ల. దానికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేను.

పండుగ ముందు రోజు పొద్దున్నే నలుగురూ చర్చి అలంకరించడానికి వెళ్ళారు. బొంత మంచం మీద ఉంది. ఒక మూల సరిచేద్దామనుకున్నాను, అంతే. రూతు వరుస విప్పాను. అది తిన్నగా వచ్చేసరికి పక్కనున్న మార్త వరుస వంకరగా కనబడింది. తర్వాత డోరాది. వేలికి తొడిగే అంగుస్తానా వెతకడానికి కూడా లేవలేదు, వేలికి ఎన్ని పోట్లు పడ్డాయో. రోసమ్మ వరుసలు మాత్రం ముట్టుకోలేదు. వాటిలో దిద్దడానికి ఏమీ లేదు. అదీ నాకు నచ్చలేదు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు బొంతను మడిచి, శుభ్రమైన దుప్పట్లో చుట్టి పెట్టాను. సకినాలు సర్దే హడావిడిలో ఎవరూ విప్పి చూడలేదు.

మర్నాడు చర్చిలో బల్ల మీద బొంత పరిచాం. పిల్లల బడి హెడ్మిస్ట్రెస్ పుష్పమ్మ గారు కళ్ళద్దాలు పైకి జరిపి, వంగి చూశారు.

"ఎంత వరుసగా ఉన్నాయండీ కుట్లు! మీ చెయ్యి ఎక్కడున్నా తెలిసిపోతుంది దేవకృప గారూ. మా కుట్టు టీచర్ మానేసింది. మీరు వచ్చి చెప్పకూడదూ?"

"నేను లేకపోతే ఇల్లు నడవదండీ," అన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడానికి.

అప్పుడే రూతు బొంత అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు వెతుక్కుంటూ వచ్చింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

"అత్తా, నా కుట్లేవి?"

డోరా వంగి చూసింది. దాని ముఖం ఎర్రబడింది. మార్త తన వరుసను వేలితో తడిమింది. రోసమ్మ కుట్టును చూసింది. తర్వాత నా చూపుడు వేలిని చూసింది. చేతిని కొంగు కింద పెట్టుకున్నాను, కానీ ఆలస్యంగా.

"నేనే ఇప్పిన బిడ్డా," అంది రోసమ్మ. "పెద్దోళ్ళు చూస్తరు గద, సక్కగ ఉండాలెనని నేనే మళ్ళ కుట్టిన."

"ఒకరిది ఒకరు ముట్టద్దంటివి గద!" అంది డోరా.

"అంటి. తప్పయింది."

పుష్పమ్మ గారు పక్క బల్లకు వెళ్ళిపోయారు. నన్ను కాపాడినందుకు కృతజ్ఞత కలగాలి కదా? ఇంత సులువుగా ఇవ్వడం కూడా ఆమెకే వచ్చునే అని కోపం వచ్చింది.

ఆ వారం పిల్లలు నాకు తిరిగి వచ్చారు. డోరా బడి నుంచి రాగానే పుస్తకాలతో నా దగ్గర కూర్చునేది. రూతు నా పక్కలో పడుకుంది. మార్త, "అమ్మా, నీ బిస్కత్తులు చెయ్యవా?" అంది. చేశాను. అబద్ధం మీద వచ్చిన ప్రేమ అని తెలుసు, అయినా రెండు చేతులా తీసుకున్నాను. రోసమ్మ ఎవరినీ పిలవలేదు, ఎవరి మీదా అలగలేదు. ఉప్పు మాత్రం చెంచాతో వేయడం మొదలుపెట్టింది. ఆ వారం కూరల్లో ఉప్పు సరిగ్గా ఉంది. రుచే లేదు.

గురువారం వాళ్ళ ఊరి పాస్టరు గారి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో మిలిటరీ క్యాంపు పెట్టారట, వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారట.

"ఇల్లు లేదు గదనే అక్కా," అన్నారు మా ఆయన.

"ప్రార్థన గుడి పక్కన పాక ఉన్నది తమ్మీ. సోమారం పోత."

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం భోజనాలకు కూర్చున్నాం. వాళ్ళు వరుసగా పీటల మీద, నేను వడ్డిస్తూ. గోంగూర, మాంసం. వండింది రోసమ్మ, ఉప్పు చెంచాతోనే.

"పొద్దుగాల బండికి అక్కను ఎక్కిస్త," అన్నారు మా ఆయన.

"మార్తా, పెనం నీకు ఇడిసిపోత," అంది రోసమ్మ. "నూనె రాసి పెట్టుకో, తుప్పు పడ్తది."

మార్త తల ఊపింది. డోరా తల ఎత్తనే లేదు. ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చేది. ఆ మాట నా దగ్గర ఉంది. అది అనకపోతే రేపటి నుంచి పిల్లలు పూర్తిగా నావాళ్ళే. గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"కూర వెయ్యవే," అన్నారు మా ఆయన.

"బొంత విప్పింది నేను," అన్నాను.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"నువ్వా?" అంది డోరా.

"నేనే. మీరు చర్చికి వెళ్ళిన రోజు."

"నాది సుతనా?" అంది రూతు.

"నీదే ముందు."

డోరా నన్ను చూడలేదు, అత్త వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు అబద్ధం చెప్పినవ్ అత్తా? గిన్ని దినాలు నీతోని మాట్లాడలే నేను!"

"చర్చిల నిలబడి అబద్ధమాడిన. దేవునితోని నేను జెప్పుకుంట. నువ్వు బువ్వ తిను."

డోరా తినలేదు. అన్నం చేత్తోనే అత్త భుజం మీద తల పెట్టింది. అత్త చీర మీద గోంగూర మరక పడింది. అది చూస్తూ నేను చెప్పాల్సింది చెప్పేశాను.

"వదిన ఊరికి వెళ్ళడం లేదు. నేను రేపటి నుంచి బడిలో కుట్టు చెప్పడానికి వెళ్తున్నాను. పుష్పమ్మ గారికి ఇందాక చర్చిలో మాటిచ్చాను. బొంత సంగతీ చెప్పాను, అయినా రమ్మన్నారు."

"నన్నడగక?" అన్నారు మా ఆయన.

"చెప్తున్నాను కదా. వదిన ఇంట్లో ఉంటేనే నేను వెళ్ళగలను."

రోసమ్మ నా వైపు తిరిగింది. "ఏందీ, నన్ను వంటామెను జేస్తున్నవా?"

"వంటిల్లు ఇస్తున్నాను వదినా. సాయంత్రం నాలుగు గంటల దాకా."

"నాలుగు గొట్టినంక?"

"అప్పుడు నేను వస్తాను."

ఆమె నవ్వింది. "జెర ఉప్పియ్యే, కూర సప్పగున్నది," అంది. జాడీ తెచ్చి ముందు పెట్టాను. చెంచా వదిలేసి మూడు వేళ్ళతో తీసి చల్లుకుంది.

డోరా కళ్ళు తుడుచుకుని అనుమానంగా అడిగింది. "బడిల ఏ క్లాసుకు చెప్తవమ్మా?"

"నాలుగు నుంచి ఎనిమిది దాకా."

"మా క్లాసుకు సుతనా?"

"మీకు వారానికి మూడు పీరియడ్లు. మార్తకు రెండు."

డోరా, మార్త ముఖాలు చూసుకున్నారు.

"నేను మూడో తరగతే గద," అని రూతు పీట లాక్కుని అత్త పక్కకు జరిగింది.

చూశాను. ఏమీ అనకుండా దాని కంచంలో అన్నం వడ్డించాను. వచ్చే ఏడు అదీ నాలుగులోకి వస్తుంది.