ప్రాగ్‌లో తర్వాతి స్టాపు

కూతురు శరణ్యకు డిసెంబరులో హాఫ్ ఇయర్లీ సెలవులు ఇవ్వగానే ముగ్గురూ ప్రాగ్ నగరం చూసి రావాలని మోహన్‌రాజ్ ఎండాకాలంలోనే టికెట్లు తీశాడు. సునయనను రెండో పెళ్లి చేసుకుని ఏడాది కావస్తోంది. నాలుగు రోజులు కలిసి తిరిగితే కూతురికీ ఆమెకూ మధ్య మాటలు కలుస్తాయని అతని ఆశ. తీరా బయల్దేరే వారం తుపాను వానకు చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని అతని బట్టల గోడౌన్‌లోకి నీళ్లొచ్చాయి. తాను ఆగిపోయి వాళ్లిద్దరినీ పంపించాడు.

సునయనది ఒంగోలు. ఉద్యోగానికని చెన్నై వచ్చింది, తమిళం ఇంకా పట్టుబడలేదు. పద్నాలుగేళ్ల శరణ్య చింతాద్రిపేటలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రితో తెలుగులో మాట్లాడుతూ ఉన్నా, సునయన గదిలోకి వస్తే చాలు తమిళంలోకి మారిపోయేది. ఆమెను ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. తల్లి పోయిన పిల్ల, తొందరపెట్టకూడదని సునయన ఊరుకుంది.

ప్రాగ్‌లోనూ మొదట అలాగే గడిచింది. పాత ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద గడియారం కింద జనంతో పాటు తలెత్తి నిలబడ్డారు. గంట కొట్టగానే పైన చిన్న కిటికీల్లో బొమ్మలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. బాగుందా అని సునయన అడిగితే శరణ్య తలూపింది. క్రిస్మస్ బజారులో దాల్చినచెక్క వాసన వేసే వేడి రొట్టె చెరొకటి కొనుక్కుని, ఎవరి రొట్టె వాళ్లు తిన్నారు.

మర్నాడు మంచు బాగా కురిసింది. కోటకు వెళ్లే ట్రామ్ రాగానే శరణ్య ముందు ఎక్కేసింది. సునయన చేతి గ్లవ్ జారిపడింది. వంగి తీసుకునేలోగా తలుపులు మూసుకున్నాయి. అద్దం వెనక ఆ పిల్ల ముఖం పాలిపోవడం ఆమెకు కనిపించింది. ట్రామ్ కదిలిపోయింది. శరణ్య ఫోన్‌లో అక్కడి సిమ్ లేదు. సునయన ఫోన్ పక్కన ఉంటేనే దానికి నెట్.

సునయన ఇంకో ట్రామ్ కోసం ఆగలేదు. పట్టాల పక్కనే కాలిబాట మీద పరుగెత్తింది. ఒకచోట కాలు జారి పడింది, లేచి మళ్లీ పరుగెత్తింది. మలుపు తిరిగేసరికి తర్వాతి స్టాపులో శరణ్య దిగి నిలబడి ఉంది.

"ఈడనే ఉండాను, మెల్లగా రా," అని గట్టిగా చెప్పింది, తెలుగులో.

సునయన దగ్గరికి వచ్చాక, గీరుకుపోయిన ఆమె అరచేయి చూసింది. "వెనకాలే ఇంకో ట్రామ్ వచ్చుండును కదా. ఎందుకు పరిగెత్తినావు?"

"అందాకా నువ్వు ఒక్కదానివే నిలబడాలి కదా."

శరణ్య కర్చీఫ్ తీసి ఆ చేతికి కట్టింది. ముడి వేస్తూ, తనకు కొంచెం భయమేసిందని మెల్లగా ఒప్పుకుంది.

కోట చూసుకుని, మెట్ల దారిన కిందికి దిగి, సాయంత్రానికి నది మీది రాతి వంతెన చేరారు. వంతెన పొడవునా నిలబడ్డ విగ్రహాల భుజాల మీద మంచు పేరుకుని ఉంది. అక్కడ శరణ్య తనంతట తానే తల్లి మాట ఎత్తింది. అమ్మకు చలి పడేది కాదని, చెన్నైలో డిసెంబరులో వచ్చే మార్గళి నెల చలికే చెవులకు గుడ్డ కట్టుకునేదని చెప్పింది. నది వైపు తిరిగి, అసలు సంగతి బయటపెట్టింది.

"మా అమ్మ ఫోటో హాల్లో ఉండేది. మీ పెళ్లికి ముందు తీసి బీరువాలో పెట్టేసినారు. నువ్వే తీయమన్నావని అనుకున్నా."

అక్కడ ఫోటో ఉండేదన్న సంగతే సునయనకు తెలియదు. "నేను అనలేదు శరణ్యా. తెలిసుంటే తీయనిచ్చేదాన్నే కాదు."

శరణ్య ఆమె ముఖంలోకి చూసింది. ఆ మాట నిజమేనని తోచింది. వంతెన చివరిదాకా తల్లి కబుర్లే చెప్పింది. సునయన అడిగి అడిగి చెప్పించుకుంది.

ఇంటికి వచ్చాక ఫోటో సంగతి సునయనే మోహన్‌రాజ్‌ను అడిగింది. ఆమె చూసి నొచ్చుకుంటుందేమోనని తానే తీశానని చెప్పి అతను తల దించుకున్నాడు. ఇద్దరినీ ఒక్క మాట కూడా అడగకపోవడం పొరపాటని ఒప్పుకుని, ఆ పూటే మేకు కొట్టి ఫోటో తగిలించాడు.

బడి తెరిచిన వారం, సోఫాలో పుస్తకాలు పరుచుకుని కూర్చున్న శరణ్య తలెత్తకుండానే అడిగింది. "శనివారం స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. నాన్నకు షాపుంది. నువ్వు వస్తావా?"

"వస్తాను. నీ గురించి మీ మిస్ ఏం చెబుతుందో ముందే చెప్పు మరి."

"లెక్కల్లో తక్కువొచ్చింది," అంటూ శరణ్య పుస్తకాలు పక్కకు జరిపి ఆమె కూర్చోవడానికి చోటిచ్చింది.